వెనక నుంచి పిలుపు

ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు. పిలిచినా లాభం లేదు. వీధివైపంతా మరమగ్గాల షెడ్డు, దాని వెనక చిన్న పెరడు, పెరడు దాటితే ఇల్లు. పొద్దున స్విచ్చి వేసిన దగ్గర్నుంచి షెడ్డులో నూలు మోసే నాడెలు అటూ ఇటూ పరుగెడుతూ, చెక్కలు టకటకా కొట్టుకుంటూ, కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క వినపడదు. అందుకని మగ్గాలవాళ్ళు అరవరు. ఎదురుగా వచ్చి నిలబడి, గొంతు కలపకుండా పెదవులు మాత్రం ఆడిస్తారు. పోగు తెగింది, నూలు కండె అయిపోయింది, నీ మొగుడొచ్చాడు చూడు - ఏదైనా పెదవుల మీదే. అవతలివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. మనిషి అటు తిరిగి ఉంటే భుజం తట్టి ఇటు తిప్పుకుంటారు.

ఈ విద్యలో ఆ ఇంటి నానమ్మ ఆరితేరిన మనిషి. షెడ్డుకి యజమానీ ఆవిడే, పనివాళ్ళ మీద మేస్త్రీ ఆవిడే. ఆ చివర ఇద్దరు పనివాళ్ళు ఆవిడ మీద ఏదైనా చెప్పుకుంటే, ఈ చివర నుంచే చదివేసి, నింపాదిగా అక్కడిదాకా నడిచి వెళ్ళి జవాబు చెప్పి వచ్చేది. ఎదురింటి డాబా మీద మొగుడూ పెళ్ళాలు ఎంత గుట్టుగా పోట్లాడుకున్నా ఆవిడ దగ్గర పూర్తి వివరాలు ఉండేవి. "చాటుగా వింటే తప్పు గానీ చూస్తే తప్పేముంది?" అనేది.

ఆవిడ కొడుకు మగ్గాలు ఆడిస్తాడు, చెడిపోతే తనే బాగుచేస్తాడు. కోడలు కండెలు చుడుతుంది. ఈ కోడలు మగ్గాల ఇంటి పిల్ల కాదు, బట్టలకొట్టు గుమాస్తా కూతురు. కాపురానికి వచ్చిన కొత్తలో, అన్నం దగ్గర అత్తా మొగుడూ ఎదురెదురుగా కూర్చుని చప్పుడు లేకుండా పెదవులాడిస్తూ నవ్వుకుంటుంటే, తన మీదే ఏదో అనుకుంటున్నారని లోపలికెళ్ళి ఏడ్చింది. వాళ్ళు చెప్పుకున్నది ఎదురింటి డాబా సంగతి. తర్వాత తనూ నేర్చుకుంది. ఎంతగా నేర్చుకుందంటే, పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా అలాగే పెదవులాడిస్తే, గొంతు పోయిందేమోనని వాళ్ళమ్మ హడావిడిగా వేడినీళ్ళు పెట్టింది.

బయటివాళ్ళతో మాత్రం గొంతు పెట్టి మాట్లాడేవాళ్ళు. పెడితే మామూలుగా పెట్టేవాళ్ళు కాదు. కొట్టువాడు చేతిలో పొట్లం జారవిడుచుకునేవాడు.

ఈ ఇంట్లో పుట్టింది బొంగరం. అసలు పేరు వేరే ఉంది గానీ, నడక వచ్చిన దగ్గర్నుంచి ఒకచోట నిలవకుండా గిరగిరా తిరుగుతుంటే నానమ్మ పెట్టిన పేరు అందరి నోళ్ళలోనూ స్థిరపడింది. కళ్ళు పెద్దవి. ఎవరు ఎదురుగా నిలబడినా ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసేది. రమ్మంటే వచ్చేది, ఇమ్మంటే ఇచ్చేది. "మగ్గాల ఇంటి రక్తం, అన్నీ కళ్ళతోనే పట్టేస్తుంది" అని నానమ్మ మురిసిపోయేది. ఆ పిల్లకి చెవులు వినపడటం లేదేమోనని ఎవరికీ తోచలేదు. తోచడానికి ఆ ఇంట్లో చెవులతో పనిపడితే కదా!

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మగ్గాల వీధిలో కరెంటు పోతే పెద్దవాళ్ళు తలెత్తి చూస్తారు, ఉయ్యాలలో పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. వాళ్ళకి ఆ చప్పుడే జోలపాట. షెడ్డులో అందరూ తలలెత్తారు. పెరట్లో అరుగు మీద కూర్చున్న బొంగరం ఒక్కతే తలెత్తలేదు. ఖాళీ కండెలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూనే ఉంది. కోడలు అది చూసింది. పిల్ల వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టింది. పిలిచింది. చేతికందిన పళ్ళెం గోడకేసి కొట్టింది. పిల్ల ఇంకో కండె తీసి వరసలో పెట్టింది.

ఆ తర్వాత ఆస్పత్రులూ పరీక్షలూ. పిల్లకి వినికిడి బాగా తక్కువగా ఉందనీ, బొత్తిగా లేకపోలేదనీ, మిషన్లు పెడితే మాటలు వినపడతాయనీ డాక్టరు చెప్పాడు. రెండు చెవులకీ చిక్కుడు గింజంత మిషన్లు వచ్చాయి. వాటితోపాటు మాటల టీచరు వచ్చింది. వినికిడి తక్కువైన పిల్లలకి వినడం, మాట్లాడటం నేర్పడమే ఆవిడ ఉద్యోగం. సన్నగా, గంభీరంగా ఉండేది గానీ పిల్లల ముందు నేల మీద బోర్లా పడుకుని కప్పలా గెంతడానికి కూడా వెనకాడేది కాదు.

"మాటలు పట్టుకోవడానికి ఈ చిన్న వయసే మంచి అదును," అంది మొదటిరోజే. "ఎంత వింటే అంత పడుతుంది. షెడ్డులోకి మాత్రం రానివ్వకండి, ఆ రొదలో మిషన్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇంట్లో ఉంచండి. తెగ మాట్లాడండి."

అలాగే చేశారు. కొడుకు పెరటివైపు గుమ్మానికి నడుమెత్తు తలుపు ఒకటి చేయించి, పిల్లకి అందకుండా బయటివైపు గడియ పెట్టించాడు. షెడ్డుకీ పెరటికీ మధ్య తలుపుకి దళసరి గోనెలు కొట్టించాడు. ఇంట్లోకి మగ్గాల చప్పుడు ఎక్కడో వాన పడుతున్నంత మాత్రమే వచ్చేది. ఎవరో ఒకరు ఎప్పుడూ పిల్ల దగ్గరే. ఎక్కువగా నానమ్మే.

నెలలు గడిచాయి. ఆస్పత్రిలో టీచరు గదిలో ఒక నీలం బకెట్టు, పక్కన చెక్క దిమ్మెలు ఉండేవి. టీచరు పిల్ల వెనక చేరి, నోరు కనపడనివ్వకుండా ఒక చప్పుడు చేసేది. వినపడితే దిమ్మె బకెట్లో వేయాలి. బొంగరం ఠకీమని వేసేది. సన్న చప్పుడు, లావు చప్పుడు, "శ్" అన్నా "మ్" అన్నా వేసేది. మిషన్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. కానీ పిల్ల నోట్లోంచి మాట లేదు. ఏడుపు ఉంది, నవ్వు ఉంది, అంతే. మధ్యమధ్య దేన్నో నములుతున్నట్టు నోరాడించేది.

చివరికి టీచరు ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. "వింటోంది. అది ఖాయం. ఎందుకు గొంతు విప్పటం లేదో నాకు అంతుపట్టటం లేదు. వచ్చే నెల డాక్టరుగారు చూస్తారు. అప్పటికీ మాట రాకపోతే వేరే దారులు ఆలోచించాలి. ఆపరేషన్ అంటారేమో, ఇంకేమంటారో." తర్వాత మెల్లగా అడిగింది. "ఏమీ అనుకోకండి. ఇంట్లో పిల్లతో నిజంగా మాట్లాడుతున్నారా?"

నానమ్మకి ఒళ్ళు మండింది. "మా ఇంట్లో నోరు ఊరుకునేదెవరికి టీచరమ్మా! లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా దాంతో కబుర్లే కబుర్లు!" అంది. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా తలుపువైపు చూశారు.

"నిజమేనండీ, మా అమ్మ నోటికి సెలవంటూ ఉండదు," అన్నాడు కొడుకు.

పైకి అలా అరిచింది గానీ, బస్సులో ఇంటికొస్తున్నంత సేపూ నానమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. మాట రాకపోతే అన్న టీచరు పెదవులే కళ్ళముందు ఆడుతున్నాయి. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకు తిరిగింది తను. అన్నీ కళ్ళతో పట్టేస్తుందని ఊరంతా చాటింది తను. వినపడక అలా చూస్తోందని తెలుసుకోలేకపోయింది. ఆ ఆలస్యానికి పిల్ల జీవితమంతా నోరు మూసుకుని బతకాల్సివస్తుందా? అంత ధైర్యం గల మనిషికీ ఆ రోజు ముద్ద దిగలేదు.

ఆ వారంలోనే టీచరు ఇంటికి వస్తానని కబురుపెట్టింది. నానమ్మ ఇల్లంతా కడిగించింది. కొడుక్కి ఉతికిన చొక్కా తొడిగించింది. టీచరు వచ్చి కూర్చోగానే ముగ్గురూ పిల్ల చుట్టూ చేరి, నాటకంలో పాత్రల్లా వరసగా అరవడం మొదలుపెట్టారు. "ఇదిగో బంతి! ఎర్ర బంతి! ఎంత బాగుందో ఎర్ర బంతి!" బొంగరం బెదిరిపోయి బల్ల కిందకి దూరింది.

"మీ పనులు మీరు చూసుకోండి," అంది టీచరు నవ్వాపుకుంటూ. "నేను ఇక్కడ లేననుకోండి." అని మూల పీట వేసుకుని కూర్చుని కిటికీలోంచి ఆకాశం చూడసాగింది.

ఎంతసేపని బిగదీసుకుని కూర్చుంటారు? కాసేపటికి కొడుకు షెడ్డులోకి వెళ్ళాడు. కోడలు బియ్యం ఏరడానికి కూర్చుంది. నానమ్మ మంచం మీద చేరి పిల్లకి జుట్టు దువ్వసాగింది. కొడుకు మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మూడో మగ్గం మొరాయిస్తోందని చెప్పాడు. బెల్టు చూశావా అంది నానమ్మ. చూశాను, బాగానే ఉందన్నాడు. అయితే నీ మెదడు బెల్టు తెగిందేమో చూసుకో అంది. కోడలు చాటలోంచి తలెత్తి పకపకా నవ్వింది. నానమ్మ పిల్లని ఇటు తిప్పుకుని, చూశావటే మీ నాన్న తెలివి అని ముద్దుచేసింది.

మూలన కూర్చున్న టీచరు ముందు కుడి చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. తర్వాత ఎడమ చెవిలో. ఈ ఇంట్లో మనుషులు మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు, ఆవిడకి మాత్రం గోడ గడియారం టిక్కుటిక్కులు, కోడలి నవ్వు తప్ప ఏమీ వినపడటం లేదు. ఒక్క క్షణం తన చెవులకే ఏదో అయిందనుకుంది. గడియారం వినపడుతోంది కాబట్టి చెవులు బాగానే ఉన్నట్టు. అప్పుడు మనుషుల వంక సరిగ్గా చూసింది.

ఇంతలో బొంగరం మంచం దిగి, గిర్రున ఒక చుట్టు తిరిగి, నానమ్మ ముందుకొచ్చి నిలబడి ముఖంలోకి చూసింది. నానమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో పాలు తెచ్చి ఇచ్చింది. పిల్ల గటగటా తాగింది.

టీచరు పీట మీంచి లేచి వచ్చి నానమ్మ ఎదురుగా నిలబడింది. "అమ్మా, ఒక్క మాట. ఇప్పుడు పాలెందుకు ఇచ్చారు?"

"ఆకలేసింది, ఇచ్చాను."

"ఆకలేసిందని మీకెలా తెలిసింది?"

"భలేదానివమ్మా! అది అడిగింది కదా!"

"అడిగిందా?"

"అడక్కపోతే నేనెందుకు లేస్తాను? మోకాళ్ళ నొప్పులతో చస్తుంటే."

"ఎలా అడిగిందమ్మా?" అంది టీచరు.

నానమ్మ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. నిజమే, ఎలా అడిగింది? పాలు అంది. పెదవులు కలిపి విడదీసి, పాలు అని శుభ్రంగా అంది. రోజూ అనేదే. ఎప్పటినుంచి అంటోందో కూడా గుర్తులేదు. తలుపు తీయమంటే వెళ్ళి తలుపు తీసినట్టు, పాలంటే వెళ్ళి పాలు తేవడమే గానీ, అందులో గొంతుందా లేదా అని నానమ్మ ఏ రోజూ చూసుకోలేదు. మగ్గాల మనిషికి ఆ చూసుకునే అలవాటే లేదు.

"పాలు అంది," అంది చివరికి, చాలా నెమ్మదిగా. "పెదవులతో అంది. మాలాగే."

కోడలి చేతిలో చాట పక్కకి ఒరిగి బియ్యం నేలపాలయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు.

టీచరు నేల మీద చతికిలబడి బంతి తీసి పిల్లకి చూపించింది. బొంగరం పెదవులు కదిలాయి. "ఇవ్వు అంటోంది," అంది నానమ్మ. బొమ్మ చూపించింది. "బొమ్మ అంది. అదిగో, అమ్మ అంది, వాళ్ళమ్మని చూసి." కొడుకు వంగి పిల్ల బుగ్గ గిల్లబోయాడు. పిల్ల చెయ్యి తోసేసి మళ్ళీ పెదవులాడించింది. "నిన్ను పొమ్మంటోందిరా!" అని నానమ్మ చప్పట్లు కొట్టింది. అప్పటికే ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

టీచరు నుదురు కొట్టుకుంది. "నా గదిలో కూడా అనేది. నా ముందే అనేది! దేన్నో నమిలే అలవాటనుకున్నాను నేను. ఇన్నాళ్ళూ పిల్ల నాతో మాట్లాడుతుంటే నేను దాని వీపు వెనక కూర్చుని 'శ్', 'మ్' అనుకుంటూ గడిపాను."

"నేను గొంతున్న ఇంట్లోనే పుట్టానండీ," అంది కోడలు ఏడుస్తూ. "నాకైనా తెలియాలి కదా. టీచరుగారి గదిలో గొంతుతో మాట్లాడటం, ఇంటికి రాగానే మానేయడం... నేను మానేశానని కూడా నాకు తెలీదు."

"ఏడవకండమ్మా, ఏడ్చే రోజు కాదు ఇది," అంది టీచరు. "మీరు రోజంతా మాట్లాడతామన్నారు, అది అక్షరాలా నిజం. గొంతు కలపలేదు, అంతే. మాటలంటే పెదవులాడించడమే అనుకుంది పిల్ల. మీ దగ్గర ఏం చూసిందో అదే నేర్చుకుంది. అర్థమవుతోందా? నేర్చుకుంది! మాటలున్నాయి దీనికి. అడగాలని తెలుసు, పేర్లు తెలుసు, మిమ్మల్ని పొమ్మనడం కూడా తెలుసు. ఇక గొంతు కలిపించాలి. అది మనం చేయగలం."

నానమ్మ మంచం మీద కూలబడింది. ఎన్నో నెలలుగా గుండెల మీద కూర్చున్న బండ ఒకటి పక్కకి దొర్లినట్టయింది. పిల్లకి మాటలున్నాయి. ఆలస్యమైంది గానీ చేజారిపోలేదు. ఆవిడ హాయిగా ఒకసారి ఏడ్చి, ముక్కు చీది, "ఇప్పుడేం చేయాలో చెప్పమ్మా" అంది.

టీచరు చెప్పింది. షెడ్డులో మీ ఇష్టం. పెరడు దాటి ఇంట్లో అడుగుపెడితే గొంతు లేని మాట ఒక్కటి కూడా వద్దు. పిల్ల ముందుకు రాకుండా పక్కనుంచి, వెనకనుంచి మాట్లాడండి, చెవులకి పని పెట్టండి. గొంతు అంటే ఏమిటో దాని చేతికి చూపించండి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఇంకో మాట కూడా అంది. "అమ్మా, మీరు నాతో మాట్లాడుతున్నప్పుడు నా నోరే చూస్తారు. ఇన్నేళ్ళు మగ్గాల మధ్య ఉన్నారు. ఒకసారి మీ చెవులు కూడా..."

"నా చెవులకేం? నిక్షేపంలా ఉన్నాయి," అంది నానమ్మ. "ఈ కాలం వాళ్ళే గొణుగుతారు."

ఇక మొదలైంది అసలు అవస్థ. ముప్పొద్దులా గొంతు పెట్టి మాట్లాడటమంటే ఆ ఇంటికి తలప్రాణం తోకకొచ్చింది. తప్పు చేసినవాళ్ళు పిల్లకి పాట పాడాలని కోడలు షరతు పెట్టింది. కొడుక్కి వచ్చిందల్లా ఒక పాటలో సగం. మొదటి వారంలో ఆ సగం పాటని ఎన్నిసార్లు పాడాడంటే, ఎదురింటి డాబా మొగుడూ పెళ్ళాలు తమ పోట్లాట ఆపి మిగతా సగం వీధిలోకి వినపడేలా పాడి పూర్తిచేశారు. నానమ్మ గొంతు సంగతి చెప్పనక్కర్లేదు. తగ్గించు అంటే పెంచేది, పెంచు అంటే ఇంకా పెంచేది. ఆ ఇంట్లో రోజూ గొడవలవుతున్నాయని వీధిలో చెప్పుకున్నారు.

పొద్దున్నే పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని అరచేయి తన గొంతు మీద పెట్టుకుని నానమ్మ "మ్మ్మ్" అనేది. కండెలు చుట్టే మిషను మీద చెయ్యి వేస్తే ఎలా ఝుమ్మంటుందో అలా ఝుమ్మనేది. పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని ఆ చేతిని తీసి తన గొంతు మీద పెట్టుకునేది. పెదవులాడించేది. అక్కడ ఝుమ్మనేది కాదు. ఎందుకు రాలేదన్నట్టు చూసేది. మళ్ళీ నానమ్మ గొంతు, మళ్ళీ తన గొంతు. కొన్నాళ్ళకి దాని గొంతులోనూ ఝుమ్మంది. పిల్ల ఆశ్చర్యపోయి తన చేతినే చూసుకుంది.

దాంతో పని అయిపోయిందనుకున్నారు గానీ, అవలేదు. చప్పుడు వేరేగా చేసేది, మాట వేరేగా అనేది. ఆడుకుంటున్నప్పుడు "మ్మ్", "ఆఆ" అని గొంతు తీసేది. పాలో బొమ్మో కావాలంటే మళ్ళీ ఎదురుగా వచ్చి పెదవులే ఆడించేది. పడుగు ఒకచోటా పేక ఇంకొకచోటా పడి ఉన్నట్టుంది వ్యవహారం. రెండూ కలిస్తే కదా గుడ్డ. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు దగ్గరపడుతోంది. పక్కకి దొర్లిన బండ మళ్ళీ మీదకి వస్తుందేమోనని నానమ్మకి లోపల బెంగ పట్టుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం నానమ్మ పెరట్లో షెడ్డు గోడవైపు తిరిగి కూర్చుని, చిక్కుపడ్డ నూలు విడదీస్తోంది. బొంగరం గుమ్మంలో నడుమెత్తు తలుపు లోపల ఎర్ర బంతితో ఆడుకుంటోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. నానమ్మ కాళ్ళ కింద నేల వణుకు ఆగింది. కరెంటు పోయిందన్నమాట అనుకుని, తల తిప్పకుండా తన చిక్కు తను విప్పుకుంటోంది.

కాసేపటికి ఎందుకో తలెత్తి చూస్తే, షెడ్డు తలుపు దగ్గర కోడలు కండెల బుట్ట పట్టుకుని శిలావిగ్రహంలా నిలబడి ఉంది. ఆ వెనక కొడుకు. ఆ వెనక మెడలు చాచి పనివాళ్ళు. అందరూ నానమ్మ వంక కాదు, నానమ్మ వెనక్కి చూస్తున్నారు. కోడలి చేతిలోంచి బుట్ట జారి కండెలు పెరడంతా దొర్లాయి. అత్తయ్యా అంటున్నాయి కోడలి పెదవులు. అత్తయ్యా, పిలుస్తోంది.

నానమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

నడుమెత్తు తలుపు పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి ఉంది బొంగరం. ముఖమంతా ఎర్రబడింది కోపంతో. దాని బంతి తలుపు సందులోంచి దొర్లుకుంటూ వచ్చి నానమ్మ పీట పక్కన ఆగి ఉంది. గడియ బయట ఉంది. ఎదురుగా వచ్చి నిలబడటానికి పిల్లకి దారి లేదు. నానమ్మ వీపు తప్ప ముఖం కనపడే వీలు లేదు. పిల్ల నోరు తెరిచింది. పెదవులు చదివే అవసరం లేకుండానే నానమ్మకి ఆ మాట తెలుసు. నానమ్మా అంటోంది.

"గొంతు పెట్టిందా?" అని అరిచింది నానమ్మ. "ఏమే, గొంతు పెట్టే పిలిచిందా?"

"పెట్టింది అత్తయ్యా!" కోడలు పరుగెత్తుకొచ్చింది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "మగ్గాలు ఆగిన దగ్గర్నుంచి పిలుస్తూనే ఉంది. నానమ్మా, నానమ్మా అని. షెడ్డులో అందరికీ వినపడింది. మీరేమో తిరగరే!"

నానమ్మ చెవులు రిక్కించింది. మగ్గాలు ఆగాయి, పెరడంతా నిశ్శబ్దంగా ఉంది. పిల్ల మళ్ళీ పిలుస్తోంది, కనపడుతోంది. ఏదో దూరంగా, గోడ అవతల ఎవరో ఏదో అన్నట్టు తప్ప ఏమీ లేదు. ఆనాడు కరెంటు పోయినప్పుడు అందరూ తలెత్తితే బొంగరం ఒక్కతే తలెత్తలేదు. ఈనాడు అందరూ తలెత్తితే తనొక్కతే తలెత్తలేదు. ఆవిడకి సంతోషం ఎంతగా పొంగిందో, దుఃఖం కూడా అంతగానే పొంగింది.

లేచి వెళ్ళి గడియ తీసి పిల్ల ముందు కూర్చుంది. "మళ్ళీ పిలువు తల్లీ," అంది.

బొంగరం నానమ్మ ముఖంలోకి ఓసారి గుచ్చి చూసింది. తర్వాత నానమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నూలు పీచు అంటిన ఆ వేళ్ళని తీసుకెళ్ళి తన గొంతు మీద గట్టిగా ఆనించుకుంది.

"నానమ్మా," అంది.

వేళ్ళ కింద ఝుమ్మంది. కండెల మిషనులా కాదు, చాలా మెత్తగా, వెచ్చగా. నానమ్మ ఆ చెయ్యి తీయలేదు. మళ్ళీ అనమంది, పిల్ల మళ్ళీ అంది. చివరికి పిల్లకి విసుగొచ్చి చెయ్యి విదిలించుకుని బంతి కోసం పరుగెత్తింది. కరెంటు వచ్చింది గానీ, కొడుకు చాలాసేపు మగ్గాలు ఆడించలేదు.

డాక్టరు దగ్గర పని తేలిగ్గా అయిపోయింది. గదిలో అడుగుపెట్టగానే బొంగరం ఆయన మెడలో వేలాడుతున్న గొట్టం పట్టుకుని "ఇవ్వు" అంది, అందరికీ వినపడేలా. మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. ఆపరేషన్ ఊసు ఇప్పుడు అక్కర్లేదనీ, మిషన్లతోనే ముందుకెళ్దామనీ, టీచరు దగ్గరికి రావడం మాత్రం మానొద్దనీ ఆయన చెప్పాడు. కోడలు ఆ గదిలోంచి బయటికొచ్చి వరండా గోడకి ఆనుకుని, నిండుగా ఊపిరి పీల్చుకుంది.

అందరూ బయల్దేరబోతుంటే నానమ్మ మాత్రం కదల్లేదు. టీచరు గది తలుపు తోసుకుని లోపలికెళ్ళి, నీలం బకెట్టు పక్కన పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది.

"ఏమిటమ్మా?" అంది టీచరు ఎదురుగా వచ్చి.

"నా చెవులు చూడు. నాక్కూడా ఆ మిషన్లు పెట్టించు."

"అప్పుడు చెపితే నిక్షేపంలా ఉన్నాయన్నారు కదా!"

"అప్పుడు సరిపోయాయమ్మా," అంది నానమ్మ. "ఇప్పుడు మా ఇంట్లో వెనక నుంచి పిలిచే మనిషి ఉంది."